శాంటోరిని వైట్ వైన్, దానికి నప్పే వంటలు

గ్రీసు ప్రధాన భూభాగానికి ఆగ్నేయంగా, ఏజియన్ సముద్రంలో ఉన్న శాంటోరిని దీవి నీలి గోపురాల చర్చిల ఛాయాచిత్రాల వల్ల లోకమంతటికీ పరిచితమైనా, ఆ దీవి అసలైన ఘనత అక్కడి ద్రాక్షతోటల్లోనూ, వాటినుంచి వచ్చే పుల్లని, ఒకింత ఉప్పదనం తోచే వైట్ వైన్‌లోనూ ఉంది. సుమారు 3,600 ఏళ్ల కిందట ఇక్కడి అగ్నిపర్వతం బద్దలై దీవి నడిమి భాగం సముద్రంలోకి కుంగిపోగా, మిగిలిన అంచు మీద బూడిద, లావా ముక్కలు, లోపలంతా గాలి రంధ్రాలుండే ప్యూమిస్ రాయి దట్టంగా పేరుకున్నాయి. బంకమన్ను దాదాపు లేని ఈ నేలలో, 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఐరోపా తోటలను తుడిచిపెట్టిన ఫిలాక్సెరా అనే వేరు పురుగు నిలదొక్కుకోలేకపోయింది. అందుచేత ఇతర ప్రాంతాల్లో ద్రాక్షను అమెరికా జాతుల వేళ్లకు అంటుకట్టక తప్పకపోయినా, ఇక్కడి తీగలు నేటికీ సొంత వేళ్ల మీదనే బతుకుతున్నాయి.

వానలు చలికాలంలో కొద్దిగా పడి, వేసవిలో దాదాపు పూర్తిగా మొహం చాటేసే ఈ దీవిలో రైతు సంప్రదాయంగా తీగను పందిరికి పాకించడు. కత్తిరింపుల వేళ కొమ్మలను ఒకదానిచుట్టూ ఒకటి మెలివేస్తూ, నేలకు ఆనేట్టుగా గుండ్రని గంపలా అల్లుతాడు. కులూర అని పిలిచే ఈ అల్లిక లోపలివైపున గుత్తులు కాయడం వల్ల ఇసుకను ఎగజల్లే గాలి నుంచీ మండుటెండ నుంచీ వాటికి రక్షణ దొరుకుతుంది. రాత్రిళ్లు సముద్రం మీదినుంచి వచ్చే తేమను ప్యూమిస్ పీల్చుకుని నిలవ ఉంచుతుంది. ఏళ్లు గడిచి గంప ముదిరిపోయి కాపు తగ్గినప్పుడు దాన్ని మొదలంటా కోసివేస్తే, అదే వేరునుంచి కొత్త తీగ చిగురిస్తుంది గనుక, పైకి కనిపించే చెట్టుకన్నా కింది వేరు వయసు చాలా ఎక్కువ.

ఈ తోటల్లో ప్రధానమైన ద్రాక్ష రకం అసీర్తికో. వేడి ప్రాంతాల్లో పండు పక్వానికి వచ్చేకొద్దీ తీపి పెరిగి పులుపు పడిపోవడం మామూలే అయినా, అసీర్తికో బాగా పండిన తరువాత కూడా పులుపును వదలదు; అందుకే దీని వైన్‌లో ఆల్కహాల్ పాలు 13 లేదా 14 శాతానికి చేరినా నాలుకకు బరువనిపించదు. శాంటోరిని వైన్‌కు 1971లో మూలస్థాన గుర్తింపు, అంటే అక్కడి పంటతో నియమాల ప్రకారం తయారైనదానికే ఆ పేరు చెల్లుతుందన్న చట్టరక్షణ, లభించింది.

నిప్పుల మీద కాల్చిన ఆక్టోపస్‌తో, ఆలివ్ నూనెలో వేయించిన చిన్న చేపలతో ఈ వైన్ ఎందుకు ఇంపుగా ఉంటుందో తెలుసుకోవాలంటే, వేపుడు చేప మీద నిమ్మరసం పిండడం వల్ల కలిగే మార్పును తలచుకుంటే చాలు: పులుపు నూనె జిడ్డును విరిచి, నోటిని తరువాతి ముద్దకు సిద్ధం చేస్తుంది. అయితే చేపలకన్నా కూడా ఆ దీవి మెట్టపంటలతో దీని పొత్తు గట్టిది. ఖేసరి పప్పుకు దగ్గరి బంధువైన ఒక గింజను ఫావా అనే పేరుతో అక్కడ శతాబ్దాలుగా పండిస్తున్నారు. దాన్ని మెత్తగా ఉడికించి, మెదిపి, పైన ఆలివ్ నూనె పోసి, ఉల్లిపాయ ముక్కలు, కేపర్ మొగ్గలు చల్లి వడ్డిస్తారు. పప్పులోని కమ్మదనానికి వైన్ పులుపు, కేపర్ల ఉప్పుకు వైన్‌లోని ఉప్పదనం సరిగ్గా నప్పుతాయి. నీరు పెట్టకుండా పెంచడం వల్ల రుచి చిక్కబడిన చిన్న టమాటాలతో వేసే వడలు, గింజలు తక్కువగా ఉండే తెల్ల వంకాయలు కూడా ఇదే కోవలోనివి. ఒకే కరువు నేల ఇన్నింటికీ తల్లి కావడమే ఈ పొందికకు మూలమని చెప్పడం సబబు.

ఘాటైన మిరపకారంతో మాత్రం దీన్ని కలపకపోవడమే మేలు. ఆల్కహాల్ కారపు మంటను రెట్టిస్తుంది. గుంటూరు మిరప దట్టించిన చేపల పులుసు పక్కన ఈ వైన్ సున్నితమైన గుణం తెలియకుండా పోతుంది, కానీ ముద్దపప్పు, నెయ్యి, కారం తగ్గించిన వంకాయ వేపుడు వంటివాటికి చక్కగా నప్పుతుంది. మరీ చల్లబరిస్తే వాసన అణగిపోతుంది కాబట్టి 10 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ వద్ద వడ్డించడం మంచిది.

పర్యాటకం పెరిగి హోటళ్లకు, విల్లాలకు భూమి గిరాకీ కావడంతో తోటల విస్తీర్ణం దశాబ్దాలుగా తగ్గుతూ వస్తోంది. యంత్రాలకు లొంగని గంప అల్లిక నేర్చిన చేతులు కూడా అరుదవుతున్నాయి. అక్కడక్కడా కొత్త తోటలను వరుసల్లో, లోహపు తీగల ఆధారంతో పెంచుతున్నారు.