కొండమీదికి చేరిన పట్నం

పిల్లలూ, సెలవురోజున అమ్మానాన్నలతో నాగార్జునకొండ చూడబోయారనుకోండి. విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కాలి. ఎటు చూసినా కృష్ణ నీరే! ఆ నీటి అడుగున ఒక లోయ ఉన్నది. సుమారు పదిహేడువందల సంవత్సరాల క్రితం ఇక్ష్వాకు రాజుల రాజధాని అయిన విజయపురి ఆ లోయలోనే ఉండేది.

1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. పొలాలకు నీరు కావాలి. కాని నీరు నిలిస్తే లోయ మునిగిపోతుంది. మరి పాత పట్నం గతి ఏమిటి?

పురావస్తు శాఖవారు 1954 నుంచి 1960 వరకు లోయలో తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను ఊడదీసి తెచ్చి, కొండమీద తిరిగి నిలబెట్టారు. కొన్నిటికి నమూనాలు కట్టారు. అప్పటి కొండే ఇప్పటి ద్వీపం!

అక్కడ రాతిమెట్ల స్నానఘట్టం చూడండి. ఒకప్పుడు అది కృష్ణ ఒడ్డున ఉండేది. స్తూపాల పునాదులు కూడా చూడండి. బండిచక్రానికి ఆకులున్నట్టు లోపల గోడలు కనిపిస్తాయి. ఆ గోడల మధ్య మట్టి నింపేవారు. అందువల్ల ఇటుక తక్కువ పట్టేది, కట్టడమూ గట్టిగా ఉండేది.

అన్నిటినీ పైకి తేవటం సాధ్యం కాలేదు. లోయలోని పల్లెలవారు కూడా ఇళ్ళూ వాకిళ్ళూ విడిచి వెళ్ళవలసివచ్చింది. ఈనాడు మన పొలాలు పండించే నీరే వారి ఊళ్ళను ముంచింది.

నీరు వచ్చేలోగా కొన్నిటిని మాత్రమే కాపాడగలమంటే, మీరు ముందుగా దేన్ని కాపాడేవారు? తిరిగివచ్చేటప్పుడు లాంచీలో కూర్చుని ఆలోచించండి. మీ నాన్నగారినీ అమ్మనూ కూడా అడిగి చూడండి!