మృతుని హక్కు – వారసుల చేతిలోని అమానత్

 



ఇంటి మనిషి అన్యాయంగానో, ఇతరుల నిర్లక్ష్యం వల్లనో మరణించినప్పుడు కుటుంబం న్యాయస్థానాన్ని ఆశ్రయించడం సబ్ర్‌కు విరుద్ధమా? “అల్లాహ్ రాసిన ఆయుష్షు తీరింది, ఇక ఎవరిని అడుగుతావు?” “ఆ డబ్బు తీసుకుంటే శవాన్ని అమ్ముకున్నట్టే.” మన జనాజాల దగ్గర ఈ మాటలు మేము ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. చెప్పేవారు మంచి మనసుతోనే చెబుతారు. కాని ధర్మం చెప్పేది అది కాదు.

మహాప్రవక్త (స) కాలంలో జరిగిన ఒక సంఘటన బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ నమోదై ఉంది. అన్సారులలోని అబ్దుల్లాహ్ బిన్ సహ్ల్ (రజి), ఆయన బంధువు ముహయ్యిసా (రజి) ఖైబర్‌కు వెళ్ళారు. అక్కడి యూదులతో ఆనాడు శాంతి ఒప్పందం ఉంది. వారిద్దరూ తమ తమ పనుల మీద విడిపోయిన తరువాత అబ్దుల్లాహ్ హతుడై కనిపించారు. ముహయ్యిసా ఆయనను ఖననం చేసి మదీనాకు తిరిగి వచ్చి, తన సోదరుడు హువయ్యిసాను, మృతుని తమ్ముడు అబ్దుర్రహ్మాన్‌ను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళారు. తమ్ముడు దుఃఖంలో ముందుగా మాట్లాడబోయాడు. వయసులో పెద్దవారిని మాట్లాడనివ్వమని ప్రవక్త (స) సూచించారు. ఓర్చుకుని ఇంటికి పొమ్మనలేదు. ఫిర్యాదు ఆలకించారు, ఖైబర్ వారికి లేఖ రాయించారు, సాక్ష్యం అడిగారు. యాభై ప్రమాణాలు చేయగలరా అని అడిగినప్పుడు, కళ్ళతో చూడని దానిపై ప్రమాణం ఎలా చేస్తామని ఆ వారసులు అన్నారు. సాక్ష్యం లేనందున ప్రవక్త (స) అవతలి వారిని దోషులుగా తీర్మానించలేదు. అయితే ఆ రక్తం వృథాగా పోవడం వారికి సమ్మతం కాలేదు. నూరు ఒంటెల రక్తపరిహారాన్ని తామే ఇప్పించారు. ఈ హదీసును ఉల్లేఖించిన సహ్ల్ బిన్ అబీ హస్మా (రజి), ఆ ఒంటెలలోని ఒక ఎర్రటి ఆడ ఒంటె తనను తన్నిందని కూడా గుర్తుచేసుకున్నారు.

ఈ హదీసును మదరసాలో చదివిన రోజుల్లో మా దృష్టి అంతా ప్రమాణాల సంఖ్య మీద, మజ్‌హబుల అభిప్రాయభేదాల మీద ఉండేది. ముగ్గురు బంధువులు వచ్చి న్యాయం అడిగారన్న సంగతి చాలా ఆలస్యంగా మా మనసుకు తట్టింది.

అన్యాయంగా చంపబడిన వాని వలీకి అధికారం ఇచ్చామని, ఆ వలీ హద్దు మీరరాదని బనీ ఇస్రాయీల్ సూరాలో అల్లాహ్ తెలియజేశాడు. పొరపాటున జరిగిన హత్యలోనూ పరిహారాన్ని వారసులకు అప్పగించాలని, వారు సదఖాగా వదిలివేస్తే తప్ప అది తప్పదని నిసా సూరాలో ఆదేశించాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. వదిలివేసే అధికారం వారసులది. వారి తరఫున క్షమించేసే అధికారం మొహల్లా పెద్దలకు లేదు, మాకు అంతకన్నా లేదు. నేటి చట్టం ఇప్పించే పరిహారమూ షరీఅత్ చెప్పిన దియత్తూ అచ్చంగా ఒకటేనని మేము అనడం లేదు. ప్రాణం పోయిన ఇంటిని ఉత్త చేతులతో వదిలేయకూడదన్న ఉద్దేశం మాత్రం రెండింటిలోనూ ఉంది.

ఇక మన చుట్టుపక్కలకు వద్దాం. 2019 నవంబర్ 11న కాచిగూడ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలు, హంద్రీ ఎక్స్‌ప్రెస్ ఢీకొన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఎంఎంటీఎస్ లోకో పైలట్ గంటల తరబడి కేబిన్‌లో ఇరుక్కుపోయి, తరువాత కొద్ది రోజులకు ఆసుపత్రిలో మరణించారు. ఆ ప్రమాదం వార్తల్లోకి వచ్చింది. వార్తల్లోకి రాని మరణాలే ఎక్కువ. కాచిగూడ నుండి విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ, సీతాఫల్‌మండి మీదుగా సాగే ఈ పట్టాలపై కూలీలు, విద్యార్థులు, చిరుద్యోగులు రోజూ రద్దీ బోగీల తలుపుల దగ్గర వేలాడుతూ ప్రయాణిస్తారు.

కొన్నేళ్ళ క్రితం మా మొహల్లాకు చెందిన ఒక సోదరుడు, కదులుతున్న రైలు ఎక్కబోయి ప్లాట్‌ఫారంపై పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. లేచి, ఆటోలో ఇంటికి వచ్చి పడుకున్నాడు. రాత్రి వాంతులయ్యాయి. ఫజర్ వేళకు ప్రాణం పోయింది. ఎవరో పోలీసుల మాట ఎత్తితే, జనాజాను ఆలస్యం చేయవద్దని అందరికన్నా గట్టిగా చెప్పింది మేమే. జొహర్ తరువాత దఫన్ అయిపోయింది. నెల గడిచాక ఆయన భార్య, తన తమ్ముడితో కలిసి వచ్చి, “మౌలానా సాబ్, రైల్వే వాళ్ళు పైసలిస్తారంట, నిజమేనా?” అని అడిగింది. నిజమే. కాని ఆమె చేతిలో ఎఫ్‌ఐఆర్ లేదు, పంచనామా లేదు, పోస్టుమార్టం నివేదిక లేదు. టికెట్టు చొక్కా జేబులో ఉండి ఉంటుందని ఆమె అన్నది. ఆ చొక్కా గుస్ల్ సమయంలో తీసేసిన బట్టలతో పాటే పోయింది. ముగ్గురు పిల్లల హక్కు పోవడంలో మా తొందరపాటుకూ వంతు ఉంది. అల్లాహ్ క్షమించుగాక.

1989 నాటి రైల్వే చట్టంలోని 124వ సెక్షన్ రైలు ప్రమాదాలకు, 124-ఎ సెక్షన్ ‘అవాంఛనీయ సంఘటనల’కు, అంటే ప్రయాణికుడు రైలు నుండి జారిపడడం వంటి వాటికి వర్తిస్తుంది. తప్పు రైల్వేదని నిరూపించనవసరం లేదు. మరణానికి పరిహారం 2017 జనవరి 1 నుండి 8 లక్షల రూపాయలు. దరఖాస్తు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో ఒక సంవత్సరంలోపు వేయాలి. దాని బెంచి సికింద్రాబాద్‌లో ఉంది. గడువు దాటితే తగిన కారణం చూపాలి. ఆత్మహత్య, మత్తులో జరిగినది, సహజమైన జబ్బు వల్ల వచ్చిన మరణం దీని కిందికి రావు. పట్టాలు దాటుతూ రైలు కింద పడినవారు ప్రయాణికులు కారు గనుక వారికీ ఈ దారి లేదు. యూనివర్సిటీ వైపు అడ్డదారిన పట్టాలు దాటే పిల్లలకు ఈ మాట తల్లిదండ్రులు చెప్పాలి.

టికెట్టు దొరకనంత మాత్రాన హక్కు పోదని 2018లో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మృతుడు టికెట్టుతో ప్రయాణిస్తున్నాడని కుటుంబం అఫిడవిట్‌తో, ఇతర ఆధారాలతో చూపవచ్చు. అయితే ఇక్కడే మేము గట్టిగా హెచ్చరిస్తున్నాము. టికెట్టు కొనలేదని తెలిసీ కొన్నాడని ప్రమాణం చేయకండి. పట్టాలు దాటుతూ పోయినవాణ్ణి రైలు నుండి జారిపడ్డాడని రాయించే దళారులు ఉంటారు; వారు సగం సొమ్ము అడుగుతారు. ఖైబర్ సంఘటనలో నూరు ఒంటెలు ఎదురుగా ఉన్నా, చూడని దానిపై ప్రమాణం చేయలేమన్న ఆ వారసులను తలచుకోండి.

దుర్ఘటన జరిగిన వెంటనే స్టేషన్ మాస్టర్‌కు, రైల్వే పోలీసులకు తెలపాలి. గాయపడి ఇంటికి వచ్చి మరణించినా పోలీసులకు చెప్పిన తరువాతే దఫన్ సంగతి చూడాలి. ఏ స్టేషన్ పరిధి అన్న పేచీ వస్తే, పరిధితో నిమిత్తం లేకుండా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న కొత్త చట్టం చెబుతోంది. ఫిర్యాదు ఇచ్చినవారికి దాని ప్రతిని ఉచితంగా ఇవ్వాలి.

పోస్టుమార్టం విషయంలో మన వారి బాధ మాకు తెలుసు. మృతుని ఎముక విరవడం బ్రతికున్నవాని ఎముక విరవడం వంటిదని హదీసులో ఉంది, జనాజాను త్వరపెట్టమనీ ఉంది. వాటిని మేము తేలికగా తీసుకోవడం లేదు. అయితే మరణకారణం తేల్చడానికి, హక్కును కాపాడడానికి చట్టం దాన్ని తప్పనిసరి చేసిన చోట, అవసరం దృష్ట్యా ఉలమాలు అనుమతించారు. త్వరపడమన్నది అకారణంగా జాప్యం చేసేవారికి. అబ్దుల్లాహ్ బిన్ సహ్ల్‌ను ముందు ఖననం చేసిన తరువాతే ఫిర్యాదు చేశారు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆనాడు ఆధారం మనుషుల నోటి సాక్ష్యం. నేడు వైద్యుని కాగితం.

తార్నాక కూడలి వంటి చోట్ల రోడ్డు ప్రమాదంలో పోయినవారి దారి వేరు. వారి కుటుంబం మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. 2022 ఏప్రిల్ నుండి అమలైన సవరణ దానికి ఆరు నెలల గడువు పెట్టింది. ఢీకొట్టిన వాహనం ఏదో తెలియకపోతే 2 లక్షలు ఇచ్చే పథకం ఉంది.

ఈ ఆరు నెలల లెక్క వితంతువులకు సంబంధించి ఆలోచించవలసినది. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. అది ముగిశాక వెళ్దామనుకుంటే మిగిలేది రెండు నెలలలోపే. భర్త మరణించిన స్త్రీ ఇద్దత్‌లో అవసరం కోసం పగటివేళ బయటకు వెళ్ళి రాత్రికి ఇంటికి చేరవచ్చునని మన హనఫీ ఫిఖ్‌లో స్పష్టంగా ఉంది. వకాల్తా మీద సంతకం పెట్టడం, ఆఫీసులో హాజరు కావడం అవసరం కాక మరేమిటి? వకీలుకు ఇచ్చే స్తోమత లేదని ఆగిపోవద్దు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం చెబుతోంది. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో అడగవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

సొమ్ము వచ్చిన తరువాత మరో పరీక్ష మొదలవుతుంది. బావమరదులు, మరుదులు, అత్తమామలు పాస్‌బుక్కు ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకోలేక మా దగ్గరికి వస్తారు. ట్రిబ్యునల్ ఎవరి పేర ఎంత రాసిందో అది వారికే చేరాలి. పిల్లల వాటా పిల్లలదే. వడ్డీగా కలిసిన భాగం గురించి ముఫ్తీ గారిని అడగండి. హజ్రత్ ఉమర్ (రజి) మొదట భర్త రక్తపరిహారంలో భార్యకు వాటా లేదని భావించేవారు. అష్యమ్ అనే వ్యక్తి భార్యకు ఆయన దియత్ నుండి వారసత్వం ఇవ్వమని మహాప్రవక్త (స) తనకు లేఖ రాశారని జహ్హాక్ బిన్ సుఫ్యాన్ (రజి) చెప్పగానే, ఖలీఫా తమ అభిప్రాయాన్ని విడిచిపెట్టారు.

మా మస్జిద్‌లో గుస్ల్ ఇచ్చే సోదరులకు ఒక పని అప్పగించాము. మృతుని బట్టలు తీసేముందు జేబులు చూసి, దొరికిన ప్రతి కాగితాన్నీ, చిరిగిన టికెట్టు ముక్కనైనా సరే, ఒక కవరులో పెట్టి, పేరు, తేదీ రాసి, ఇద్దరి ఎదుట వారసుల చేతికి ఇస్తారు.