సిస్టరుగారూ, మళ్ళీ డ్యూటీకి వస్తారా?

నర్సింగు చదివి ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్ళు మన వీధుల్లో, అపార్టుమెంట్లలో ఎంతమంది ఉన్నారో ఎప్పుడైనా గమనించారా? మూడు, మూడున్నరేళ్ళు హాస్టల్లో ఉండి జి.ఎన్.ఎం. పూర్తి చేసి, రెండేళ్ళో ఐదేళ్ళో ఆస్పత్రిలో పనిచేసి, పెళ్ళయ్యాకో మొదటి కాన్పు తరవాతో మానేసినవాళ్ళు. వాళ్ళు ఉద్యోగం మానేశారే గాని, వాళ్ళచేత పని చేయించుకోవడం మనమెవరం మానలేదు. బీపీ చూడమని ఒకరు, ఇంజక్షను చేసిపెట్టమని ఒకరు, తాతగారి కాలి పుండుకి కట్టు మార్చమని ఒకరు తలుపు కొడుతూనే ఉంటారు. పొయ్యి మీద పోపు మాడుతున్నా ఆపేసి రావాల్సిందే. "మీ హస్తవాసి మంచిది సిస్టరమ్మా" అంటారు, కాఫీ కూడా తాగకుండా పంపిస్తారు. అదే మనిషి ఒక రోజు "మళ్ళీ ఉద్యోగంలో చేరదామనుకుంటున్నా" అందనుకోండి, "ఇప్పుడా? ఇన్నేళ్ళ తరవాత ఎవరిస్తారు?" అని మొహం మీదే అడుగుతారు.

ఇలాంటి సందర్భంలో మహిళల పేజీల్లో సాధారణంగా దొరికే సలహా "ధైర్యం ఉంటే చాలు" అని. నాకు ఆ మాట నచ్చదు. ధైర్యం కావలసిందే, కానీ ఈ వృత్తిలో అదొక్కటే చాలదు. దుకాణం లెక్కలో తప్పు పడితే మర్నాడు దిద్దుకోవచ్చు. ఎక్కించిన మందుని వెనక్కి లాగలేం కదా! అందుకని తిరిగి వెళ్ళే నర్సు మళ్ళీ నేర్చుకోవాలి. అలాగని ఆమెని నిన్నగాక మొన్న చదువు ముగించిన పిల్లతో సమానంగా లెక్కగట్టడం కూడా న్యాయం కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి చెప్పేవాళ్ళు తక్కువ.

నేను నర్సుని కాదు. మా తోటికోడలు నర్సు. ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తాను. 2004లో జి.ఎన్.ఎం. పాసై ఐదేళ్ళు పనిచేసి, 2009లో పెద్దపిల్ల కడుపున పడ్డాక మానేసింది. మానేసింది అంటే మానిపించారు. నైట్ డ్యూటీలు మా అత్తగారికి ఇష్టం లేదు. "రాత్రిళ్ళు ఇంట్లో లేని కోడలు" అనే మాట ఆవిడకి ఊళ్ళో వినపడకూడదు. ఇందులో మా అత్తగారిని ఒక్కరినే అనడానికీ లేదు లెండి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ లాంటి మిషన్ డాక్టర్ల ఆస్పత్రుల నీడలో మన దగ్గర ఈ వృత్తి పెరిగింది. మైల, మడి, ముట్టు, పరాయి మగవాళ్ళ ఒళ్ళు తుడవడం... ఇవన్నీ తలుచుకుని పెద్దింటివాళ్ళు తమ పిల్లల్ని అటు పంపేవారు కాదు. ఆ చిన్నచూపు నేటికీ పెళ్ళిచూపుల్లో బయటపడుతుంది. "అమ్మాయి నర్సండీ, కానీ పెళ్ళయ్యాక మానేస్తుంది" అని పిల్ల తరపువాళ్ళే ముందుగా చెప్పేస్తారు. టీచరు అయితే అలా చెబుతారా?

2020లో కరోనా మా బావగారి వ్యాపారాన్ని సగానికి దించేసింది. పిల్లల ఫీజులు, అప్పుల మీద వడ్డీలు అన్నీ కలిసి మీద పడ్డాయి. 2023లో అక్క తన ట్రంకుపెట్టె తెరిచింది.

కాగితాల గొడవ

పెట్టెలో సర్టిఫికెట్లు భద్రంగానే ఉన్నాయి. కానీ వాటి మీద పుట్టింటి ఇంటిపేరు, ఆధార్ మీద అత్తింటి ఇంటిపేరు! పెళ్ళయిన తెలుగు ఆడదానికి ఎదురయ్యే మొట్టమొదటి అడ్డంకి ఇదే. పైగా ఆవిడ రిజిస్ట్రేషను ఉమ్మడి రాష్ట్రం నాటిది. 2014 తరవాత రెండు రాష్ట్రాలకీ రెండు కౌన్సిళ్ళు అయ్యాయి. ఎక్కడ చదివారు, ఎక్కడ రిజిస్టరు అయ్యారు, ఇప్పుడెక్కడ పని చేయబోతున్నారు అన్న మూడింటినీ బట్టి ఏ కౌన్సిలుకి వెళ్ళాలో ముందే తేల్చుకోవాలి.

మరో సంగతి. ఇదివరకు ఒకసారి రిజిస్టరు అయితే ఇక జీవితాంతం చెల్లుతుందని చాలామంది అనుకునేవారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ దేశంలో నర్సుల వివరాలన్నీ ఆధార్‌తో ముడిపెట్టి కంప్యూటర్లోకి ఎక్కించే పద్ధతి తెచ్చింది. అందులో ప్రతి నర్సుకీ ఒక జాతీయ గుర్తింపు సంఖ్య ఇస్తారు. ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి, ఆ ఐదేళ్ళలో 150 గంటల నిరంతర విద్య, అంటే గుర్తింపు ఉన్న వర్కుషాపులు, తరగతులు పూర్తి చేసినట్టు చూపించాలి. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ కోసం పార్లమెంటు 2023లో కొత్త చట్టం చేసింది కాబట్టి, మీరు వెళ్ళే నాటికి నిబంధన ఏమిటో మీ రాష్ట్ర కౌన్సిల్‌నే అడగండి. పక్కింటావిడ మాటా, ఆస్పత్రి మేనేజరు మాటా నమ్మకండి.

ఎందుకంటే "రిజిస్ట్రేషన్ తరవాత చూసుకోవచ్చు, రేపే చేరిపోండి" అనే నర్సింగ్‌హోములు ఉంటాయి. అక్కకీ ఒకచోట అదే చెప్పారు. ఊరూ, పేరూ చెప్పను. రిజిస్ట్రేషను లేని మనిషిని తక్కువ జీతానికి పెట్టుకోవచ్చు, ఏదైనా జరిగితే తప్పంతా ఆమె మీదికే తోసెయ్యచ్చు. పైగా ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచమన్నారట. ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ మళ్ళీ బ్యాగులో పెట్టుకుని ఇంటికి వచ్చెయ్యండి.

చెయ్యి మరిచిపోనిదీ, మారిపోయిందీ

సిర దొరకబుచ్చుకోవడం, మంచం మీది మనిషిని నొప్పి లేకుండా పక్కకి తిప్పడం, ఒళ్ళు తాకి జ్వరం ఎంతుందో చెప్పడం లాంటివి చెయ్యి మరిచిపోదట. వారం రోజుల్లో తిరిగి వచ్చేస్తాయని అక్క చెప్పింది. అసలు భయం అక్కడ కాదు. చెయ్యి బాగా గుర్తు పెట్టుకున్న పనిలోనే పద్ధతి మారిపోయి ఉంటుంది చూడండి, అక్కడ!

ఉదాహరణకి గుండె ఆగిన మనిషి. అక్క నేర్చుకున్న వరస ముందు శ్వాసమార్గం, తరవాత ఊపిరి ఊదడం, ఆ తరవాత ఛాతీ మీద ఒత్తడం. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ వరసని మార్చేసింది. పెద్దవాళ్ళకైతే ముందు ఛాతీ మీద ఒత్తిడి మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతున, ముప్ఫై ఒత్తిళ్ళకి రెండు ఊపిర్లు. అక్క 2009లో మానేసింది కదా, ఒక్క ఏడాది తేడాలో ఆవిడ నేర్చుకున్న వరస తలకిందులయింది! ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. బొమ్మ మీద చెమట పట్టేదాకా నొక్కి నేర్చుకోవాలి. ఒకరోజు శిక్షణ ఇచ్చే కేంద్రాలు పెద్ద ఊళ్ళలో ఉన్నాయి. ఫీజు కట్టాల్సి వచ్చినా సరే, చేరేముందే చేసుకోండి.

టీకాల సంగతీ అంతే. డి.పి.టి., హెపటైటిస్ బి టీకాలు విడివిడిగా వేసిన చేతికి ఐదూ ఒకే సూదిలో ఉన్న పెంటావాలెంట్ కొత్త. అది మన దేశంలో 2011 చివర కేరళ, తమిళనాడుల్లో మొదలై తరవాత మిగతా రాష్ట్రాలకి వచ్చింది. పోలియో చుక్కల్లో మూడు రకాల వైరస్ బదులు రెండే ఉంచి 2016 ఏప్రిల్లో మార్చారు, దానికి తోడు పోలియో సూదిమందూ చేరింది. చెత్త డబ్బాల రంగులు కూడా 2016 నిబంధనల్లో మారాయి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, సెలైన్ గొట్టాలు, గ్లవుజులు ఎరుపులోకి, సూదులు గుచ్చుకోని తెల్లడబ్బాలోకి, గాజు సీసాలు నీలంలోకి. పాత అలవాటు కొద్దీ ఎక్కడ పడితే అక్కడ వేస్తే, పాపం, చెత్త ఎత్తే ఆయమ్మ చేతికి గుచ్చుకుంటుంది.

ఇన్సులిన్ గురించి మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి. మన దగ్గర ఒక మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే సీసాలూ, 100 యూనిట్లుండేవీ రెండూ ఉన్నాయి. ఎర్రమూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. 100 యూనిట్ల మందుని ఎర్రమూత సిరంజిలో 20 గీత దాకా లాగారనుకోండి, లోపలికి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు! రెండున్నర రెట్లు. రోగి నిద్రపోతున్నాడనే అనుకుంటాం, తెల్లారేసరికి లేవడు.

ఇక వయసు తెచ్చే చిక్కు. నలభైలో చత్వారం వస్తుంది. ఆంప్యూల్ మీది చీమ తలకాయంత అక్షరాలు ఇరవై ఐదేళ్ళప్పుడు కనపడినట్టు కనపడవు. రాత్రి మూడింటికి వార్డు లైటు వెలుగులో అసలే కనపడవు. కళ్ళజోడుకి సిగ్గుపడే నర్సు మందు ఇవ్వకూడదని నా అభిప్రాయం. అక్క చేరేముందు కళ్ళజోడు చేయించుకుంది. కాళ్ళ నరాలు ఉబ్బకుండా బిగుతు మేజోళ్ళు కొనుక్కుంది. వంటింట్లో ఖాళీ సెలైన్ సీసాలో నీళ్ళు పోసి గూటికి వేలాడదీసి, వాచీ చూస్తూ చుక్కలు లెక్కపెట్టడం సాధన చేసింది. మిల్లీలీటరుకి 20 చుక్కలు పడే సెట్టుతో 500 మిల్లీలీటర్లు ఎనిమిది గంటల్లో వెళ్ళాలంటే నిమిషానికి 21 చుక్కలు. పిల్లలకి వాడే సన్న సెట్టులో మిల్లీలీటరుకి 60. "పంపు ఉంటుంది కదక్కా, అదే లెక్కపెడుతుంది" అన్నాన్నేను. "కరెంటు పోతే?" అంది.

వార్డులో ఇన్‌చార్జికి ఇరవై ఆరేళ్ళు. మొదట్లో అక్కని ఆంటీ అనేది. ఆ పిల్ల దగ్గరే అక్క ఇన్ఫ్యూజన్ పంపు వాడటం, కంప్యూటర్లో చార్టు ఎక్కించడం నేర్చుకుంది. కోడలి వయసు పిల్ల దగ్గర నేర్చుకోవడం నామోషీ కదా అని ఇంట్లో ఎవరో అంటే, "రాదు అని ఒప్పుకోకపోతే నామోషీ" అని ఊరుకుంది. మూడో వారంలో ఒక రాత్రి మానిటర్లో నాడి, ఆక్సిజన్ అంకెలన్నీ బాగానే ఉన్నాయి, కానీ ఒక ముసలాయన పక్కగుడ్డ పీకుతూ ఏదో గొణుగుతున్నాడట. మిగతావాళ్ళు వయసు మీదపడి అలా చేస్తున్నాడనుకున్నారు. అక్క నుదురు తాకి చూస్తే చల్లటి చెమట. చక్కెర చూస్తే 46. ఆ అంకె మానిటర్ చూపించేది కాదు. అప్పటినించీ ఆ పిల్ల ఆంటీ అనడం మానేసి సిస్టర్ అంటోంది.

జీతం దగ్గర సేవ అనకండి

"పద్నాలుగేళ్ళు గ్యాపు కదమ్మా, ఫ్రెషర్ జీతమే" అన్నారు వెళ్ళిన మూడుచోట్లా. మొదటి రెండు మూడు నెలలు శిక్షణ కింద తగ్గించుకున్నా పరవాలేదు. కానీ ఆ తరవాత వెనకటి అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటామని కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట వద్దు. ప్రైవేటు ఆస్పత్రుల నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016లో కమిటీ వెయ్యమంటే, ఆ కమిటీ యాభై పడకల లోపు ఆస్పత్రిలో కూడా నెలకి 20 వేలకి తగ్గకూడదని, రెండువందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసు సిఫారసుగానే ఉంది, మన చిన్న ఊళ్ళలో ఆ లెక్క ఇచ్చేవాళ్ళని నేను చూడలేదు. అయినా ఇంటర్వ్యూలో ఆ అంకె తెలిసి కూర్చున్న మనిషికీ, తెలియక కూర్చున్న మనిషికీ తేడా ఉంటుంది. నర్సింగ్ పవిత్రమైన సేవ అని మే 12న గులాబీపువ్వు ఇచ్చే యాజమాన్యమే ఒకటో తారీఖున ఆ మాట ఎందుకు గుర్తుచేస్తుందో ఆలోచించండి.

పూర్తి వార్డు డ్యూటీ వద్దనుకునేవాళ్ళు ఓపీ, డయాలసిస్ యూనిట్, టీకాల విభాగం అడగచ్చు. అక్కడ రాత్రిళ్ళ గొడవ తక్కువ. ఇళ్ళకి వెళ్ళి రోగుల్ని చూసే పనికి మాత్రం వెంటనే ఒప్పుకోకండి. ఏజెన్సీ ఎంత తీసుకుంటుంది, అర్ధరాత్రి ఏదైనా అయితే పిలవడానికి డాక్టరెవరు అన్నవి రెండూ తేలాలి. గిన్నెలు తోమమంటే తోమనని మొదటిరోజే చెప్పెయ్యాలి. జి.ఎన్.ఎం. వాళ్ళు రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చదవచ్చు గాని, నలభై ఏళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల ఫీజుల మధ్య అందరికీ కుదిరే మాట కాదది.

ఇంట్లోవాళ్ళ సంగతి చివరికి వదిలేశాను. పొద్దున ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది - చాలా ప్రైవేటు ఆస్పత్రుల షిఫ్టులు ఇవే. రాత్రంతా పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి పగలు పడుకుంటే మన కళ్ళకి అది ఎలా కనిపిస్తుందో మీకు తెలియనిది కాదు. మా అత్తగారు మొదటి నెల ఏమీ అనలేదు, కానీ తొమ్మిదింటికల్లా మిక్సీ వేసేవారు. రెండో నెలలో బావగారు వంటింటి పనిని రాత్రికి మార్చారు. నైట్లు ఉన్న ఆరు రోజులూ పచ్చళ్ళూ, పొడులూ రాత్రే రుబ్బుకోవాలి, పొద్దున వండేది అన్నం, ఒక కూర. పాలవాడు, గ్యాసువాడు అక్కకి కాకుండా నాకు ఫోన్ చేస్తారు. కాలింగ్ బెల్ పక్కన పెద్దపిల్ల ఒక కాగితం అంటించింది, "మధ్యాహ్నం రెండు దాకా నొక్కవద్దు" అని. ఇంకా నొక్కేవాళ్ళు నొక్కుతూనే ఉన్నారు. తలుపు తీసి "పడుకుంది, తరవాత రండి" అని చెప్పి పంపేది మా అత్తగారే.