కంపెనీల లాభముపై పన్ను: దేశమున కొక రేటు

విజయవాడలోని బెంజ్ సర్కిల్ కడ రెండు పెద్ద రహదారులు కలియుచున్నవి. ఒకటి చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవునది. రెండవది హైదరాబాదునుండి బందరుకు పోవునది. ఆ దారుల వెంట సాగు సరకులలో స్వదేశపు కంపెనీలవి కలవు, విదేశపు కంపెనీలవియు కలవు. అన్ని కంపెనీలును లాభమునే కోరును గాని, ఆ లాభముపై పడు పన్ను మాత్రము దేశదేశమునకు మారుచున్నది. ఇట్లేల జరుగుచున్నదో, దానివలన మన కేమి కలుగునో శ్రోతలకు విన్నవింపగోరుచున్నాము.

ముందుగా మన ఇంటి లెక్క చూతము. కృష్ణా డెల్టాలో వరి పండించిన రైతు వ్యవసాయాదాయముపై కేంద్ర ప్రభుత్వము పన్ను వేయజాలదు. ఆ వడ్లనే మరపట్టి అమ్ము కంపెనీ మాత్రము తన లాభముపై పన్ను కట్టవలసినదే. 2019 సెప్టెంబరులో మన ప్రభుత్వము, మినహాయింపులు వదలుకొను స్వదేశ కంపెనీలకు 22 శాతము రేటు నేర్పరచినది. 100 రూపాయల లాభమునకు పన్ను 22 రూపాయలు. దానిపై పదవ వంతు సర్‌ఛార్జి 2 రూపాయల 20 పైసలు. ఈ మొత్తముపై 4 శాతము సెస్సు 97 పైసలు. వెరసి 25 రూపాయల 17 పైసలు.

ఇక ఇతర దేశములు. బెంజ్ అను పేరు పుట్టిన జర్మనీలో కేంద్రపు పన్నుకు పురపాలకముల వ్యాపారపు పన్ను తోడై ఇంచుమించు 30 శాతమగును. ఊరు మారిన రేటు మారును. ఫ్రాన్సులో సాధారణ రేటు 25, సింగపూరులో 17. అమెరికాలో కేంద్రపు రేటు 35గా నుండి 2018లో 21కి దిగినది. ఐర్లండు 2003నుండి వ్యాపార లాభమునకు 12.5 శాతమను రేటు పెట్టి విదేశ కంపెనీల నాకర్షించినది. చిన్న దేశమునకు స్వంత విపణి స్వల్పము. కనుక తక్కువ పన్నే దాని పిలుపు. పెద్ద విపణి గల దేశమునకు అంతటి అవసరము లేదు.

చిక్కు ఇచటనే కలదు. ఫ్యాక్టరీని ఒక దేశమునుండి మరియొక దేశమునకు తరలించుట కష్టము. పేటెంటు హక్కును కాగితముమీద తరలించుట సులువు. సరకు ఒకచోట అమ్ముడుపోవును, లాభము మరియొకచోట లెక్కకు వచ్చును. దీనిని అరికట్టుటకై 2021 అక్టోబరులో 130కి పైగా దేశములు, 75 కోట్ల యూరోలు మించిన ఆదాయము గల కంపెనీ సముదాయములకు కనీసము 15 శాతము పన్నుండవలెనని సమ్మతించినవి. అయినను అమలు అన్నిచోట్ల ఒకే తీరున లేదు.

ఏ దేశమునకు పన్ను హక్కు కలదను తగవు మన తెలుగునాటను వచ్చినది. హైదరాబాదులో 1993లో స్థాపితమైన శాంతా బయోటెక్నిక్స్ అను టీకాల కంపెనీలోని అధిక వాటా ఫ్రాన్సు దేశపు కంపెనీ యొకదాని చేత నుండెను. 2009లో ఆ ఫ్రెంచి కంపెనీ వాటాలే ఫ్రాన్సులోని సనోఫీ సంస్థకు చేతులు మారినవి. టీకా తయారగునది ఇచట, వాటాలు మారినది అచట. ఉభయ దేశముల ఒప్పందమును పరిశీలించి, ఆ లాభముపై పన్ను వేయు హక్కు ఫ్రాన్సుదేనని 2013లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పినది.

దీనివలన సామాన్యున కేమి? 2000లో జరిగిన రాజ్యాంగ సవరణకు పూర్వము కంపెనీల పన్నులో రాష్ట్రములకు వాటా లేదు. పదునైదవ ఆర్థిక సంఘము 2021–26 కాలమునకు రాష్ట్రములన్నిటికి కలిపి 41 శాతమును, అందులో ఆంధ్రప్రదేశమునకు 4.047 శాతమును నిర్ణయించినది. ఆ కాలమున పై లెక్కలోని 22 రూపాయలలో మన రాష్ట్రమునకు చేరినది సుమారు 36 పైసలు. సర్‌ఛార్జి, సెస్సులలో వాటాయే లేదు. కావున పన్నురేటు మారెనని వార్తలలో విన్నపుడు, తగ్గినది ఏ భాగమో, పెరిగినది ఏ భాగమో శ్రోతలు విచారింపవలయును. మన బడికి, మన కాలువకు అందు పైసలు ఆ భాగములోనివే.