చక్రమునకు నేలమీద పట్టు



కోదాడనుండి హుజూర్‌నగర్, నేరేడుచర్లల మీదుగా మిర్యాలగూడకు పోవు దారిని మీ రెరుగుదురు. దాని కిరుప్రక్కల సాగరు ఎడమకాలువ నీటితో పండు వరిపొలములు గలవు. నాట్ల దినములలో ట్రాక్టరు చక్రములవెంట మడిలోని బురద తారుమీదికి వచ్చును. అట్టి బురదపై జల్లు పడిన సాయంకాలము, సూర్యాపేటలోని నా మిత్రుని కుమారుడు తన సెడాను కారులో నన్ను తీసికొనిపోవుచుండెను. లారీని దాటవలెనని అతడు యాక్సిలరేటరును గట్టిగా త్రొక్కెను. ముందు చక్రములు గిరగిర తిరిగెను గాని బండి సాగలేదు. స్టీరింగు త్రిప్పినను అది తిరుగక, కాలువవైపునకే కొంతదూరము జారెను. గట్టు చేరకముందే పట్టు దొరకుటచేత నేడు మీతో మాటలాడుచున్నాను.

మరునాడు ఆ యబ్బాయి, "చిన్నాయనా, స్ప్రింగులు కోయించి బండిని కిందికి దింపిస్త. ఇగ జారదు" అనెను. అతని తండ్రి నా యభిప్రాయ మడిగెను. వారికి చెప్పినదే మీకును మనవి చేయుచున్నాను. ఏలయన, ఇట్టి బండ్లకు సొమ్మిచ్చువారు పెద్దలు, నడుపువారు పిన్నలు.

పూర్వపు అంబాసిడరు కారును వెనుక చక్రములు త్రోసెడివి. 1983లో మారుతి 800 వచ్చినది మొదలు, యింజను బలము ముందు చక్రములకు పోవు కార్లు మన దేశమున విస్తరించినవి. యింజను బరువు లాగెడు చక్రములమీదనే యుండుటవలన సామాన్య వేగమున వీని పట్టు మంచిదే. కాని మారుతి 800 బలము 40 అశ్వశక్తులకు లోపు. నేటి వోక్స్‌వాగన్ వర్టస్, స్కోడా స్లావియా వంటి సెడానులలో 1.5 లీటర్ల టర్బో యింజను 150 అశ్వశక్తుల నిచ్చును. అనగా బావిమీది 5 అశ్వశక్తుల మోటార్లు ముప్పది! ఈ బలమంతయు రెండు టైర్లు నేలను తాకు అరచేతియంతేసి చోటులగుండా పోవలెను. బండిని మలుపు త్రిప్పవలసినదియు ఆ టైర్లే.

ఎద్దుబండి వెనుక బస్తాలెక్కువ వేసినచో కాడి పైకి లేచునని మీకు తెలియును. కారు వేగ మందుకొనునప్పుడును బరువు వెనుకకు మొగ్గును. 1,250 కిలోల కారున ముందు చక్రములపై 750 కిలోలున్నవనుకొందము. గట్టిగా వేగము పెంచిన క్షణమున అందు సుమారు 100 కిలోలు వెనుకకు పోవును. పట్టు మిక్కిలి కావలసినప్పుడే ముందు చక్రములు తేలికపడునన్నమాట. బండిని ఒక అంగుళము దింపినచో ఈ 100 కిలోలలో తగ్గునది 5 కిలోలు మాత్రమే.

మరి స్ప్రింగు పని యేమి? గుంటలోనికి చక్రమును దింపుట, మిట్టపై ఎక్కనిచ్చుట, ఎన్నడును టైరును నేల విడువనీయకుండుట. స్ప్రింగు ఒక్కటే యున్నచో బండి ఊగుచునే యుండును. ఆ యూపు నణచునది షాక్ అబ్జార్బరు. కోసిన స్ప్రింగు పొట్టిదగుటయే గాక గట్టిపడును. పాత షాక్ అబ్జార్బరు దానిని అణచజాలదు. చక్రము వ్రేలాడినప్పుడు స్ప్రింగు తన స్థానమునుండి తప్పవచ్చును. సూర్యాపేట, కోదాడల నడుమ 65వ జాతీయ రహదారిపై ఈ లోపము కానరాకపోవచ్చును. ఊరిదారిలో కంకర తేలినచోట చక్రము ఎగురును. గాలిలోనున్న టైరుకు పట్టు శూన్యము.

కావున వ్యయము క్రమముగ జరుగవలెను. మొదటిది టైరు. గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో చట్టము ఒప్పదు. వాననీటిని వెలివేయుటకై 3 మిల్లీమీటర్లకే మార్చుట మేలు. తలుపు చెంతనున్న చీటీపై వ్రాసినంత గాలిని, టైరు చల్లగా నున్నప్పుడే పట్టింపవలెను. రెండవది, నూనె కారు షాక్ అబ్జార్బర్లను, అరిగిన బుష్షులను మార్చి, వీల్ అలైన్‌మెంటు చూపుట. ఇంతటితో చాలమందికి పని తీరును.

ఇంకను కోరువారు ఒకదానికొకటి సరిపడునట్లు చేసిన స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ల జతను తీసికొనవలెను. వెనుక యాంటీ రోల్ బారు కొంత గట్టిదైనచో, మలుపులో లోపలివైపు ముందు చక్రముపై బరువు మిగులును. అది మితిమీరినచో వానలో వెనుకభాగము జారును. చివరిది డిఫరెన్షియల్. ట్రాక్టరు ఒక చక్రము బురదలో తిరుగుచుండగా రెండవది నిలిచిపోయినప్పుడు మీరు లాకు త్రొక్కుదురు గదా! 2020లో మన దేశమునకు వచ్చిన స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 245 కారున, ఆ పనిని కొంతవరకు తనంత చేసికొను డిఫరెన్షియల్ గలదు. దానిని విడిగా వేయించుట మిక్కిలి వ్యయము. మరియు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను తయారీదారు నిర్ణయమునకు భిన్నమైన మార్పులను అరికట్టుచున్నది. కనుక రవాణా కార్యాలయమున విచారింపకయే పని మొదలు పెట్టరాదు.

మా యబ్బాయి బండిని పరీక్షింపగా ముందు టైర్లు నున్నబడియుండెను, ఒక షాక్ అబ్జార్బరు నూనె కారుచుండెను. చక్రము గిరగిర తిరుగకుండ ఆపు ట్రాక్షన్ కంట్రోలును అతడే ఆర్పియుంచెను. నాలుగు టైర్లు, ముందువైపు షాక్ అబ్జార్బర్ల జత మార్పించినాము. స్ప్రింగులను ముట్టలేదు. పిమ్మట వానలో అదే దారిని పోయితిమి. బండి చెప్పినమాట వినెను. కాని బురద కానవచ్చినచోట అతడు పాదమును తేలికచేసెను. ఏ దుకాణమునను అమ్మని పట్టు అది. మీ పిల్లలకు దానిని మీరే నేర్పవలెను.