పందికొక్కు సాయం

బొంరాస్‌పేట పల్లెల్లో పొలం గట్లు తవ్వే పందికొక్కును ఎరగని రైతుబిడ్డ ఉండదు. ఆ తెలుగు పేరే ఇంగ్లీషులోకి పోయి ‘బ్యాండికూట్’ అయింది. ఈ సంగతి విన్న పిల్ల ఆ మాటను బట్టీ పట్టక్కర్లేదు. అదే పిల్ల పోటీ పరీక్షకని రాసుకున్న ముప్పై పెద్ద మాటలను రాత్రి పదిసార్లు చదివినా, తెల్లారి కొడంగల్ బస్సెక్కేసరికి సగం ఎగిరిపోతాయి. తెలివి తక్కువై కాదు, చదివిన తీరు అలాంటిది.

జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే పరిశోధకుడు మరుపును తన మీదే కొలుచుకుని 1885లో పుస్తకం వేశాడు. అర్థం లేని అక్షరాల గుంపులు నేర్చుకోవడం, కొంతసేపాగి మళ్లీ నేర్చుకోవడం, రెండోసారి ఎంత శ్రమ తగ్గిందో లెక్కగట్టడం, ఇదీ ఆయన పని. ఇరవై నిమిషాలకు 58 శాతం ఆదా, ఒక రోజుకు 34. నెల తిరిగినా 21 మిగిలే ఉంది. దెబ్బంతా మొదటి గంటల్లోనే.

మరి దీనికి మందేమిటి? 2008లో అచ్చయిన ఒక ప్రయోగంలో అమెరికా పరిశోధకులు కార్పికే, రోడిగర్ కాలేజీ పిల్లలకు 40 స్వాహిలీ మాటలు అర్థాలతో ఇచ్చారు. ఒకసారి వచ్చిన మాటను కూడా పదేపదే అప్పజెప్పినవాళ్లకు వారం తర్వాత 80 శాతం దాకా గుర్తున్నాయి. వచ్చిన మాటను అప్పజెప్పడం మానేసి చదువుతూ పోయినవాళ్లకు మూడో వంతే. తమాషా ఏమిటంటే, వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయంటే అన్ని జట్లూ సగమనే చెప్పాయి! అర్థం కళ్లెదుట ఉన్నంతసేపూ మనకు అంతా వచ్చినట్టే ఉంటుంది మరి.

కాబట్టి చీటీలు కత్తిరించండి. ఇటు మాట, అటు అర్థం. చూడకుండా చెప్పాకే తిప్పాలి. రానివి రోజూ, వచ్చినవి రెండు రోజులకోసారి, బాగా వచ్చినవి వారానికోసారి. చెప్పుల డబ్బాలో మూడు అరలు చేస్తే సరి.

మాటకు కొక్కెం కూడా కావాలి, పందికొక్కు చేసిన సాయం అదే. మలేరియా ఎరగని ఊరేది? ఇటలీ భాషలో ‘మల’ అంటే చెడు, ‘అరియా’ అంటే గాలి, కలిపితే చెడుగాలి. జబ్బు గాలివల్ల వస్తుందనుకున్న రోజుల పేరది. 1897లో మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాక గాలి నిర్దోషిగా తేలింది, పేరు మాత్రం మారలేదు. ఆ ‘మల’కు చుట్టమే లాటిన్ ‘మలె’, అంటే చెడుగా. ‘బెనె’ అంటే మంచిగా. మనకు సుగుణం, దుర్గుణం ఎలాగో అలాగే. ‘వొలెంట్’ అంటే కోరే. బెనెవొలెంట్ అంటే మేలు కోరే.

మలెవొలెంట్ అంటే ఏమిటో నేను చెప్పను. పేజీ మూసి మీరే చెప్పండి, ఎల్లుండి ఇంకోసారి.