పలక మీద వెలుగు, కాగితం మీద నీడ

మార్కాపురం పలక మీద బలపంతో బొమ్మ వేసేవాళ్లు గీసేది వెలుగునే. నల్లరాయి మీద తెల్లగీత ఎక్కడ పడితే అక్కడ వెలుగు. నూరు కోట్ల ఏళ్లకు పైబడిన బురద ఒత్తిడికీ వేడికీ గట్టిపడి, అందులోని అభ్రకం రేకులన్నీ ఒకే వైపుకు సర్దుకోవడం వల్లే ఆ రాయి ఉలి పెడితే పొరలుగా విడుతుంది. కాగితం, రంగు పెన్సిళ్లు ముందు పెట్టుకుంటే లెక్క తిరగబడుతుంది. వెలుగు కాగితానిది, మనం వేసేది నీడ.

అదే ప్రాంతంలోని కురిచేడులో నిశ్చల చిత్రం నేర్చుకోవడానికి ఆపిల్ పళ్లు కొననక్కర్లేదు. పలక మీద రెండు ఎండుమిరపకాయలు, పక్కన ఒక ఇత్తడి చెంబు చాలు. కిటికీ ఒకటే తెరిచి ఉంచండి.

మిరపకాయ మీద మెరిసే చోటును చూడండి. అది ఎర్రగా ఉండదు, దాదాపు తెల్లగా ఉంటుంది. తొక్కలోకి దిగిన వెలుతురులో నీలం, ఆకుపచ్చ భాగాలను రంగు పదార్థం మింగేస్తే మిగిలింది ఎరుపై బయటికొస్తుంది. మెరుపు మాత్రం లోపలికి దిగకుండా పైపొర నుంచే వెనక్కి తిరుగుతుంది కాబట్టి కిటికీ రంగులోనే ఉంటుంది. అక్కడ కాగితాన్ని ఖాళీగా వదిలేయాలి. ఇత్తడి అలా కాదు, లోహం కాబట్టి తిప్పి పంపే వెలుతురుకే పసుపు పూస్తుంది. చెంబు మీద మెరుపు అంచుల్లో ఆ పసుపు కనబడకపోతే అది స్టీలు చెంబులా తేలిపోతుంది.

నీడకు నల్ల పెన్సిలు తీయడం అందరికీ అలవాటే. నాకు నచ్చని అలవాటు కూడా. ఎరుపు మీద ముదురు ఆకుపచ్చను పలచగా వేసి చూడండి. పై పొర వదిలిన వెలుతురును కింది పొర మింగి, చివరికి కాగితం నుంచి కొంచెమే తిరిగొస్తుంది. మిరపకాయ మడతల్లో ఉండే చిక్కటి చీకటి అదే, అందులో ప్రాణం ఉంటుంది.

అయితే పొరలకు హద్దుంది, కారణం రంగు ముల్లు తయారీలోనే ఉంది. నల్ల పెన్సిలు ముల్లును గ్రాఫైటు, మట్టి కలిపి కాలుస్తారు. ఆ పద్ధతి 1795లో ఫ్రాన్సులో కోంటె అనే ఆయన కనిపెట్టాడు. రంగు ముల్లును అలా కాలిస్తే మైనం కరిగిపోతుంది, చాలా రంగులు మాడిపోతాయి. అందుకే అది రంగు పొడి, తెల్లమట్టి లేదా టాల్కు, మైనం లేదా నూనె, కాస్త జిగురు కలిపిన పచ్చి ముద్దే. ఆ మైనం కాగితపు గరుకు గుంటల్ని నింపేశాక ఇంకో రంగు పట్టదు. మొదటి నుంచీ పెన్సిలును చెక్కుకుంటూ, చేయి తేల్చి రుద్దాలి. మే నెల ఎండల్లో ముల్లు మెత్తబడి గుంటలు తొందరగా నిండుతాయి, పొద్దున్నే కూర్చోవడం మేలు.

గులాబీ, ఊదా రంగుల్లో కొన్ని వెలుతురుకు వెలిసిపోతాయి. కొన్న పెన్సిళ్లతో ఒక పట్టీ గీసి, సగం అట్టతో కప్పి, ఎండ తగిలే కిటికీలో వేసవంతా ఉంచండి. తీసి చూస్తే ఏ రంగు నిలిచిందో, ఏది నిలవలేదో తెలుస్తుంది.